కావాలనే పడ్డావు కదా: జపనీస్ నవలల్లో అబ్సర్డిటీ, ఆథెంటిసిటీ గురించి ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. టాపిక్ పేరు కొంచెం బరువుగా ఉంది, అబ్సర్డిటీ, ఆథెంటిసిటీ అని, అంటే బతుకులో అర్థం లేకపోవడం, మనిషి తన అసలు స్వరూపంతో బతకడం. నేను మాట్లాడబోయేది మాత్రం ముగ్గురు మనుషుల గురించి. ఒకడు స్కూల్లో కావాలని కింద పడి అందరినీ నవ్విస్తాడు. ఒకడు పురుగులు పట్టుకుందామని వెళ్లి ఇసుక గోతిలో ఇరుక్కుపోతాడు. ఇంకొకడు అప్పుడే పుట్టిన తన కొడుకు చచ్చిపోయాడన్న ఫోన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ తాగుతుంటాడు. ముగ్గురూ పారిపోయేవాళ్లే. ముగ్గురినీ ఎవరో ఒకరు చూస్తారు, ఆ చూపు తగిలిన దగ్గరే కథ మొదలవుతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే, మిగతాదంతా దాని చుట్టూ ఉంటుంది.

జపనీస్ ఎగ్జిస్టెన్షియలిజం, అంటే బతుక్కి ముందే రాసిపెట్టిన అర్థం లేదు, మనిషే తేల్చుకోవాలి అనే ఆలోచన, దాని గురించి మామూలుగా ఏం చెప్తారంటే రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, ఫ్రెంచ్ రైటర్లు సార్త్ర్, కామూ ట్రాన్స్‌లేషన్‌లో వచ్చారు, వీళ్లు చదివారు, అలాంటి నవలలు రాశారు అని. అందులో నిజం లేకపోలేదు. కామూ 'అవుట్‌సైడర్' 1951లో జపనీస్‌లోకి వచ్చింది, వచ్చిన ఏడాదే దాని మీద రైటర్ హిరోత్సు కజుఓ, క్రిటిక్ నకమురా మిత్సుఓ హోరాహోరీగా వాదించుకున్నారు, ఆ వాదనకి వాళ్ల సాహిత్య చరిత్రలో ఒక పేరే ఉంది. 1966లో సార్త్ర్, ఆయన సహచరి, రైటర్ సిమోన్ ద బొవార్ కలిసి జపాన్ వెళ్తే హాళ్లు పట్టనంత జనం. ఇదంతా సరే, కానీ దీన్ని ఒకవైపు ట్రాఫిక్ లాగా చెప్పడం నాకు నచ్చదు, ఎందుకంటే అసలు ఆ రోడ్డు మీద మొదట నడిచినవాడు ఒక జపాన్ మనిషి.

ఆయన పేరు కుకి షూజో, ఫిలాసఫర్, 1888లో పుట్టాడు. 1920లలో చాలా ఏళ్లు యూరప్‌లో ఉన్నాడు, జర్మనీలో ఫిలాసఫర్ హైడెగర్ దగ్గర చదువుకున్నాడు, పారిస్‌లో ఫ్రెంచ్ బాగా మాట్లాడటానికి ట్యూషన్ పెట్టించుకున్నాడు, ఆ ట్యూషన్ చెప్పిన కుర్రాడు ఎవరంటే సార్త్ర్. అప్పటికి సార్త్ర్ ఇంకా స్టూడెంటే, ఒక్క పుస్తకం కూడా రాలేదు. 1928లో కుకి ఫ్రాన్స్‌లోనే పొంతిన్యీ అనే చోట ప్రాచ్య దేశాల్లో కాలం అనే భావన గురించి మాట్లాడుతూ గ్రీకు పురాణంలోని సిసిఫస్‌ని తీసుకొచ్చాడు. మీకు తెలిసిందే, రాయిని కొండ మీదకి దొర్లించడం, అది మళ్లీ కిందకి రావడం, మళ్లీ దొర్లించడం, దేవతల శిక్ష. దీన్ని శిక్ష అని ఎందుకు అనుకోవాలి అని అడిగాడు కుకి. అంతా సిసిఫస్ మనసుని బట్టి ఉంటుంది, తీరని పనిని మళ్లీ మళ్లీ ఇష్టపడి మొదలుపెట్టగలిగితే అతను నరకంలో ఉన్నట్టు కాదు, సంతోషంగానే ఉన్నట్టు అన్నాడు. కామూ సిసిఫస్ పుస్తకం 1942లో వచ్చింది. పద్నాలుగేళ్ల ముందు! కామూ ఆ ప్రసంగాన్ని చదివాడని నేను అనట్లేదు, ఆ ఆలోచనకి ఒక్క ఊరే సొంతం కాదని అంటున్నాను.

ఆ ప్రసంగంలోనే ఇంకొక మాట ఉంది, నాకు సిసిఫస్ కంటే అదే ఎక్కువ ఇష్టం. 1923లో భూకంపం వచ్చి టోక్యో నేలమట్టమైంది, ఆ తర్వాత వాళ్లు భూమి కింద రైలు మార్గం కట్టడం మొదలుపెట్టారు. యూరప్‌లో కుకిని అడిగారంట, మీకు మళ్లీ భూకంపం వస్తుంది కదా, ఎందుకు కడుతున్నారు అని. కడతాం, భూకంపం పడగొడుతుంది, మళ్లీ కడతాం, మాకు ఆ ప్రయత్నమే ముఖ్యం అని చెప్పాడు. పునర్జన్మ గురించి, ఆ చక్రం నుంచి బయటపడే నిర్వాణం గురించి కూడా అందులోనే మాట్లాడాడు, అది మనవైపు దారి, కోరికని చంపుకునే దారి. రెండోది సమురాయ్ దారి, కోరికని ఇంకా గట్టిగా పట్టుకునేది. కుకి రెండోదాని వైపు మొగ్గాడు.

వినడానికి చాలా బాగుంటుంది, ప్రయత్నమే ముఖ్యం అనడం. కానీ ఇది ఎక్కడిదాకా పోయిందో కూడా చూడాలి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కాకముందే గెలవని యుద్ధంలో పిల్లల్ని ఆత్మాహుతి విమానాలు ఎక్కించి పంపడానికి ఇలాంటి మాటలే వాడారు. అందుకే యుద్ధం తర్వాత వచ్చిన రైటర్లు ఈ వీరత్వాన్ని నమ్మలేదు. నమ్మకపోవడంలోంచే గొప్ప నవలలు వచ్చాయి.

అలాంటి రైటర్లలో ఒకడు ఓయె కెన్‌జబురో 1935లో షికోకు దీవిలో అడవుల మధ్య ఉన్న ఒక పల్లెలో పుట్టాడు. స్కూల్లో టీచర్ ఒక్కొక్క పిల్లాడినీ లేపి అడిగేవాడంట, చక్రవర్తి చచ్చిపోమంటే ఏం చేస్తావు అని. చచ్చిపోతాను సార్, కడుపు కోసుకుని చచ్చిపోతాను అని చెప్పాలి. రాత్రి పడుకున్నాక, నిజంగా నాకు చావడం ఇష్టం లేదు కదా అని సిగ్గుపడేవాడంట ఈ పిల్లాడు. 1945 ఆగస్టు 15న రేడియోలో చక్రవర్తి గొంతు వినపడింది, ఓడిపోయాం అని. పెద్దవాళ్లు ఏడుస్తుంటే పిల్లలకి ఆశ్చర్యం, దేవుడు అన్నవాడు మామూలు మనిషిలా మాట్లాడాడేంటి అని. కొన్నాళ్లకి అదే స్కూళ్లలో, పాఠ్యపుస్తకాల్లో నిన్నటిదాకా చదివిన వాక్యాల మీద సిరా పూసి నల్లగా కొట్టేయమన్నారు. ఆలోచించండి, పదేళ్ల పిల్లాడు తన చేత్తో తను బట్టీ పట్టిన సత్యాన్ని కొట్టేస్తున్నాడు. కామూ చెప్పిన అబ్సర్డ్ ఏంటంటే, ఇదంతా ఎందుకు అని మనిషి అడగడం మానడు, ప్రపంచం జవాబు చెప్పదు, ఆ రెండిటి మధ్య దూరమే అబ్సర్డ్. ఈ పిల్లలకి ప్రపంచం జవాబు చెప్పింది, చాలా గట్టిగా చెప్పింది, ఒక్క రోజులో ఆ జవాబు వెనక్కి తీసేసుకుంది. ఇది ఇంకా ఘోరం అని నేను అనుకుంటాను. ఆ పదేళ్ల పిల్లాడే తర్వాత టోక్యో యూనివర్సిటీలో ఫ్రెంచ్ సాహిత్యం చదివి సార్త్ర్ మీద థీసిస్ రాశాడంటే, అది ఫ్యాషన్ కోసం రాసింది కాదు.

సరే, మొదటి మనిషి దగ్గరకి వద్దాం. దజాయ్ ఒసాము నవల 'నింగెన్ షిక్కకు', 1948. డొనాల్డ్ కీన్ ఇంగ్లిష్‌లో 'నో లాంగర్ హ్యూమన్' అని పెట్టాడు, ఇప్పుడు మన కుర్రాళ్లు చాలామంది చదువుతున్నారు, ఇన్‌స్టాలో కొటేషన్లు కూడా కనపడుతున్నాయి. ఎక్కువమంది దీన్ని డిప్రెషన్ కథలా చదువుతారు, రైటర్ అదే ఏడాది జూన్‌లో ఒక ఆవిడతో కలిసి తమగావా కాలువలో దూకి చనిపోయాడు కాబట్టి ఇది ఆయన సూసైడ్ నోట్ అన్నట్టు చదువుతారు. అలా చదివితే పుస్తకం చిన్నదైపోతుంది. ఒక్క సీన్ మెల్లగా చూద్దాం.

హీరో యోజో. మనుషులంటే భయం వాడికి, వాళ్లు ఎందుకు నవ్వుతారో, ఎందుకు కోప్పడతారో అర్థం కాదు, అన్నం టైమ్‌కి అందరూ కూర్చుని ఎందుకు తింటారో కూడా అర్థం కాదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు, జోకర్‌లా ఉండటం. నవ్విస్తే చాలు, ఎవడూ లోపలికి చూడడు. స్కూల్లో ఒకరోజు డ్రిల్ పీరియడ్, బార్ పట్టుకుని ఎక్సర్‌సైజ్ చేయాలి. యోజో చాలా సీరియస్‌గా మొహం పెట్టి, అరుస్తూ బార్ మీదకి దూకినట్టు దూకి, దాన్ని దాటిపోయి ఇసుకలో చతికిలబడతాడు. పక్కాగా ప్లాన్ చేసిన ఫెయిల్యూర్. అందరూ పగలబడి నవ్వుతారు. లేచి ప్యాంటు దులుపుకుంటుంటే వెనక నుంచి ఎవరో పొడుస్తారు. తకెయిచి. క్లాసులో అందరికంటే బక్కవాడు, చదువు రాదు, డ్రిల్‌లో ఎప్పుడూ పక్కన నిలబడి చూసేవాడు. మెల్లగా అంటాడు, కావాలనే పడ్డావు కదా అని.

అంతే. యోజోకి ప్రపంచం మొత్తం ఒక్కసారిగా నరకం మంటల్లో తగలబడిపోతున్నట్టు అనిపిస్తుంది. అప్పటిదాకా టీచర్లు, తండ్రి, తెలివైన స్టూడెంట్లు ఎవరూ కనిపెట్టలేదు, ఎవరూ లెక్కచేయని పిల్లాడు కనిపెట్టాడు. సార్త్ర్ కూడా ఇంకొకడి చూపు గురించి చాలా రాశాడు, మనల్ని ఎవడో చూస్తున్నాడని తెలిసిన క్షణంలో మనం వస్తువు అయిపోతాం, సిగ్గు పుడుతుంది అని. కానీ దజాయ్ దగ్గర తర్వాత జరిగేది చూడండి. యోజో భయంతో తకెయిచిని స్నేహితుణ్ణి చేసుకుంటాడు, ఇంటికి తీసుకొస్తాడు, వాడి చెవిలో చీము కారుతుంటే తుడుస్తాడు, ఇదంతా కూడా నటనే. అదే తకెయిచి ఒకరోజు వాన్ గో సెల్ఫ్ పోర్ట్రెయిట్ ప్రింట్ పట్టుకొచ్చి, ఇది దెయ్యం బొమ్మ అంటాడు. యోజోకి కళ్లలో నీళ్లొస్తాయి, నేనూ ఇలాంటి దెయ్యం బొమ్మలే వేస్తాను అని అప్పుడే తేల్చుకుంటాడు. తన బొమ్మ తనే వేసుకుంటాడు, తనకే భయం వేసేంత బొమ్మ వస్తుంది, ఇదే అసలు నేను అనుకుంటాడు, దాన్ని తకెయిచికి ఒక్కడికే చూపించి అల్మారాలో దాచేస్తాడు. స్కూల్లో మాత్రం మామూలు అందమైన బొమ్మలే వేస్తుంటాడు.

ఆథెంటిసిటీ అంటే మీ అసలు స్వరూపం తెలుసుకోండి అని ఈరోజు ప్రతి మోటివేషన్ స్పీకర్ చెప్తున్నాడు. యోజోకి తెలుసు! వాడికి తెలియక కాదు. తెలిసి, వేసి, అల్మారాలో పెట్టాడు. వాణ్ణి నిజంగా చూసిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడితో కూడా నటించాడు. ఈ నవలలో విషాదం నాకు అక్కడే కనపడుతుంది, తర్వాత వచ్చే తాగుడు, మార్ఫిన్, ఆస్పత్రి ఇవన్నీ దాని ఫలితాలే.

అదే కాలం జపనీస్ రైటర్ మిషిమా గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క. 1950లో క్యోటోలో స్వర్ణ మందిరాన్ని ఒక కుర్ర సన్యాసి నిజంగానే తగలబెట్టాడు, దాని మీద మిషిమా 1956లో నవల రాశాడు, అందులో నత్తి ఉన్న హీరో మందిరాన్ని కాల్చేసి చివర్లో సిగరెట్ వెలిగించి బతకాలనుకుంటాడు. గొప్ప నవల. కానీ ఆ హీరోకి ప్రతి మనిషీ అద్దమే, తన వికారమో తన అందమో చూసుకోడానికి. నేను మాట్లాడే విషయానికి అది అంతగా ఉపయోగపడదు, వదిలేస్తున్నాను.

రెండో మనిషి నికి జుంపెయ్. అబె కోబో నవల, 1962, ఇంగ్లిష్‌లో 'ద వుమన్ ఇన్ ద డ్యూన్స్'. అబె చైనా వైపు మంచూరియాలో, ముక్డెన్ అనే ఊళ్లో పెరిగాడు, టోక్యోలో డాక్టర్ చదువు చదివాడు, ప్రాక్టీస్ మాత్రం చేయలేదు. ఆ డాక్టర్ కన్ను నవల అంతా కనపడుతుంది, ఇసుక రేణువు సగటున మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు ఉంటుంది అని లెక్కతో సహా చెప్తాడు. జుంపెయ్ స్కూల్ టీచర్, సెలవు పెట్టి సముద్రం ఒడ్డుకి కొత్తరకం పురుగు దొరుకుతుందేమో అని వెళ్తాడు. దొరికితే పుస్తకాల్లో ఆ పురుగు పక్కన తన పేరు ఉంటుంది, అదే ఆయన ఆశ. రాత్రి పడుకోడానికి ఊళ్లోవాళ్లు ఒక ఇల్లు చూపిస్తారు, పెద్ద ఇసుక గోతి అడుగున, తాడు నిచ్చెన మీద దిగాలి. అక్కడ ఒక్కతే ఆడమనిషి. అన్నం పెట్టేటప్పుడు పైన గొడుగు పడుతుంది, పైకప్పులోంచి ఇసుక రాలుతుంది కాబట్టి. రాత్రంతా ఇసుక తవ్వి పైకి పంపుతుంది, లేకపోతే ఇల్లు పూడిపోతుంది, ఈ ఇల్లు పోతే పక్క ఇల్లు. పొద్దున లేచేసరికి నిచ్చెన లేదు.

ఆ తర్వాత కథ నేను మొత్తం చెప్పను, చదవండి. చాలామంది దీన్ని సిసిఫస్ కథ అంటారు, ఇసుక తవ్వడం రాయి దొర్లించడం ఒకటే కదా అని. ఒక తేడా ఉంది, దాన్ని వదిలేయొద్దు. ఆ ఇసుకని ఊరివాళ్లు అమ్ముకుంటున్నారు! ఉప్పు ఉన్న ఇసుక, కాంక్రీట్‌లో వాడకూడనిది, చవగ్గా కన్‌స్ట్రక్షన్ వాళ్లకి దొంగచాటుగా అమ్ముతున్నారు. దానితో కట్టినవి కూలిపోతే జనం గతేంటి అని అతను అరిస్తే, ఎవరో ఏమైపోతే మాకెందుకు అంటుంది ఆమె. సిసిఫస్ కొండ కింద ఎవరికీ లాభం లేదు, ఇక్కడ లాభం ఉంది, పని ఎగ్గొడితే నీళ్లు ఆపేస్తారు, పని చేస్తే నీళ్లు, సారా, సిగరెట్లు పంపుతారు. అర్థం లేని పని అని మనం అనుకునేదాని వెనక చాలాసార్లు ఎవడో ఒకడి లెక్క ఉంటుంది, అబె దాన్ని దాచలేదు, అందుకే కుకి చెప్పిన సంతోషమైన సిసిఫస్‌ని ఈ గోతిలో నిలబెడితే నిలబడడు.

జుంపెయ్ ఒకసారి తప్పించుకుంటాడు, ఊబిలో దిగబడి, కాపాడండి అని అరిచి, తన జైలర్ల చేతే రక్షింపబడి మళ్లీ గోతిలోకి వస్తాడు. తర్వాత కాకిని పట్టుకుని కాలికి ఉత్తరం కట్టి పంపుదామని ఇసుకలో ఒక బకెట్ పాతి ఉచ్చు పెడతాడు, దానికి 'ఆశ' అని పేరు పెడతాడు. కాకి పడదు. కొన్ని వారాల తర్వాత చూస్తే బకెట్‌లో నీళ్లు. పైన ఇసుక ఎండకి ఆరిపోతుంటే అడుగున ఉన్న తడి పైకి లాక్కుంటోంది, ఇసుక మొత్తం ఒక పంపులా పనిచేస్తోంది. ఊరివాళ్లు నీళ్లు ఆపేసి లొంగదీశారు, ఇప్పుడు ఆ ఆయుధం పనిచేయదు. ఇక ఆయన రోజూ లెక్కలు రాసుకుంటాడు, ఏ వాతావరణంలో ఎన్ని నీళ్లు వచ్చాయి అని. చివర్లో నిచ్చెన వేసే ఉంటుంది, ఎవరూ తియ్యలేదు. ఎక్కుతాడు, సముద్రం చూస్తాడు, మళ్లీ దిగుతాడు. పారిపోవడం రేపైనా ఎల్లుండైనా చేయొచ్చు, ముందు ఈ నీళ్ల సంగతి ఎవరికైనా చెప్పాలి, చెప్తే ఈ ఊరివాళ్లకే చెప్పాలి అనుకుంటాడు.

లొంగిపోయాడు అని కొందరు, స్వేచ్ఛ దొరికింది అని కొందరు. నేను చాలాకాలం రెండో గుంపుతో ఉన్నాను, ఇప్పటికీ చాలావరకు అక్కడే ఉన్నాను, ఎందుకంటే పురుగు పక్కన తన పేరు ఉండాలనుకున్న మనిషి మొదటిసారి తన పేరు అక్కర్లేని పని ఒకటి చేశాడు. కానీ ఆ నిచ్చెన అసలు ఎందుకు వేసి ఉంది? ఆమె కోసం. గర్భం తేడా వచ్చి రక్తం పోతుంటే ఆమెని దుప్పట్లో చుట్టి తాడుతో పైకి లాగారు. కనపడనంత దూరం పోయేదాకా ఆమె అతని వైపే చూస్తుంది, ఏడుస్తూ, బతిమాలుతున్నట్టు. అతను చూడనట్టు మొహం తిప్పుకుంటాడు. ఒక్క వాక్యం అది, చదివేటప్పుడు దాటిపోతాం. స్వేచ్ఛ గురించి రాసే వ్యాసాల్లో బకెట్ ఉంటుంది, కేశాకర్షణ సూత్రం ఉంటుంది, ఈ వాక్యం ఉండదు.

అసలు ఈ నవల పేరులో ఉన్నది ఆమె. భర్తనీ కూతుర్నీ తుఫాను రాత్రి ఇసుక మింగేసింది, అయినా అక్కడే ఉంది. పూసలు గుచ్చి ఒక రేడియో కొనుక్కోవాలని, ఒక అద్దం కొనుక్కోవాలని ఆశ. ఇంకొక సీన్ ఉంది, రోజుకి కాసేపు సముద్రం చూడనిస్తాం, మా ముందు మీరిద్దరూ మొగుడూ పెళ్లాల్లా కలవండి అని ఊరివాళ్లు గోతి చుట్టూ టార్చిలైట్లు వేసి నిలబడతారు. చదువుకున్నవాడు, స్వేచ్ఛ గురించి పేజీలకి పేజీలు ఆలోచించేవాడు, ఒప్పేసుకుంటాడు, ఆమెని లాక్కుంటాడు. ఆమె కొట్టి, గుద్ది, అతణ్ణి పడేస్తుంది. ఆ రాత్రి ఆ గోతిలో తనకంటూ ఒక హద్దు ఉన్న మనిషి ఎవరు? ఆథెంటిసిటీ అని మనం వెతికేది, ఒక్క ఫిలాసఫీ ముక్క కూడా మాట్లాడని ఈ మనిషి దగ్గర ఉంది. హిరోషి తెషిగహర తీసిన 1964 సినిమా చూడండి, ఈ సీన్ చూస్తే ఊపిరి ఆడదు, స్క్రీన్‌ప్లే అబెనే రాశాడు.

మూడో మనిషి బర్డ్. ఓయె నవల 'ఎ పర్సనల్ మ్యాటర్', 1964. దీని వెనక ఉన్న నిజం అందరికీ తెలిసిందే, 1963లో ఓయెకి పుట్టిన కొడుకు హికరికి పుర్రె దగ్గర పెద్ద లోపం, ఆపరేషన్ చేస్తే బతుకుతాడు కానీ ఎలా బతుకుతాడో తెలియదు. నవల్లో బర్డ్ ఇరవై ఏడేళ్లవాడు, ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్తాడు, ఆఫ్రికా వెళ్లాలని కల, భార్య నొప్పులు పడుతుంటే షాపులో ఆఫ్రికా మ్యాపులు కొంటుంటాడు. బిడ్డ తలకి ఇంకో తల ఉన్నట్టు పుట్టాడని తెలిశాక పాత స్నేహితురాలు హిమికో దగ్గరకి పారిపోతాడు. ఆస్పత్రిలో డాక్టరు, పాలకి బదులు పంచదార నీళ్లు ఇస్తాం అని చెప్తే, అంటే ఏంటో అర్థమై కూడా తల ఊపుతాడు. చదువుతుంటే బర్డ్ మీద అసహ్యం పుడుతుంది, పుట్టాలి, ఓయె తన మీద తను ఏమాత్రం జాలి చూపించుకోలేదు.

చివరికి బిడ్డని చంపే ఏర్పాటు కూడా చేసి, బార్‌లో కూర్చుని తనని తను అడుగుతాడు, ఈ బిడ్డ నుంచి ఇంత సిగ్గులేకుండా పారిపోయి నేను నాలో దేన్ని కాపాడుకుంటున్నాను అని. జవాబు వస్తుంది, ఏమీ లేదు. సున్నా. నాకు తెలిసినంతలో ఈ ఒక్క పేజీలో ఉన్నంత సార్త్ర్ చాలా పెద్ద పుస్తకాల్లో కూడా ఉండడు. యోజో అల్మారాలో కనీసం ఒక బొమ్మ ఉంది, బర్డ్ తలుపు తీసి చూస్తే లోపల ఏమీ లేదు. అప్పుడు లేచి వెళ్లి బిడ్డని వెనక్కి తెస్తాడు, ఆపరేషన్ చేయిస్తాడు. అసలు స్వరూపం ముందే లోపల ఉండి దాన్ని బయటకి తీయడం కాదు, ఆ లేచి వెళ్లడంతోనే ఒకటి మొదలవుతుంది. చివరి పేజీలో బిడ్డ కళ్లలో తన మొహం చూసుకోవాలని చూస్తాడు. కనపడుతుంది కానీ మరీ చిన్నగా, తన కొత్త మొహం ఎలా ఉందో తేల్చుకోలేనంత చిన్నగా.

ఈ ఎండింగ్ మీద మిషిమా గట్టిగా విమర్శించాడు, మరీ మంచిగా ముగించేశావు అన్నట్టు. ఆపరేషన్‌లో ఆ ఇంకో తల లాంటిది మామూలు కణితి అని తేలడం, మామగారు మెచ్చుకోవడం, ఇవి కాస్త తేలిగ్గా అమరాయనేది నాకూ ఒప్పుకోవాలనే ఉంది. కానీ బిడ్డ మామూలుగా పెరగకపోవచ్చు అని కూడా అక్కడే ఉంది, అది చాలామంది మర్చిపోతారు. పైగా ఓయె ఆ ఎండింగ్‌ని నవల్లో రాసి వదిలేయలేదు, ఆ తర్వాత దశాబ్దాల పాటు పుస్తకం తర్వాత పుస్తకంలో ఆ కొడుకు గురించే రాశాడు. మాటలు రాని హికరి పక్షుల కూతల రికార్డు వింటూ పెరిగి, ఒకరోజు పక్షి కూత విని దాని పేరు చెప్పాడు, తర్వాత సంగీతం కంపోజ్ చేశాడు. 1994లో తండ్రికి నోబెల్ వచ్చింది.

జుంపెయ్ మొహం తిప్పుకున్నాడు, బర్డ్ తిప్పుకోలేదు. నాకు అబె పెద్ద ఆర్టిస్ట్ అనిపిస్తాడు, కానీ ఈ ఒక్క విషయంలో ఓయె ఒక అడుగు ముందుకి వేశాడనే అంటాను. అయితే అబె మీద కేసు అంత తేలిగ్గా మూసేయలేం. నవల ఆఖర్లో కోర్టు కాగితాలు ఉంటాయి, 1955లో కనపడకుండా పోయిన నికి జుంపెయ్‌ని ఏడేళ్ల తర్వాత 1962లో చట్టప్రకారం లేనట్టుగా ప్రకటించారు అని. ఆ మనిషి కోసం ఒక ఫైల్ ఉంది, పిటిషన్ వేసినవాళ్లు ఉన్నారు. ఆమె బతికిందా, తిరిగొచ్చిందా, ఏ కాగితంలోనూ లేదు, నవల మొత్తంలో ఆమెకి పేరే లేదు. అబె ఇది తెలిసి చేశాడా, లేక అతనూ తన హీరో లాగే అటు చూడలేదా? తెలిసే చేశాడని నేను నమ్ముతాను, టైటిల్‌లో ఆమెనే పెట్టాడు కాబట్టి. కాదనేవాళ్లు ఉంటే ఇప్పుడు చెప్పండి, మైక్ అటు ఇస్తాను.